విత్తన గిడ్డంగుల శీతలీకరణ రూపకల్పన: కంప్యూటర్ సిమ్యులేషన్ ఏమి చెబుతుంది, ఏమి అడిగితే చెబుతుంది

సుమారు పదిహేను సంవత్సరాల క్రితం మేము పనిచేస్తున్న పరిశోధన స్థానంలో విత్తనాల నిల్వ కోసం ఒక చల్లని గదిని నిర్మించడం జరిగింది. పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు. గోడలకు, పైకప్పుకు 50 మిల్లీమీటర్ల పాలీయురిథేన్ ఫోమ్ పొర వేశారు. అంతవరకు పని చక్కగానే జరిగింది. ఆపైన ఎన్ని టన్నుల ఏసీ కావాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, సరఫరాదారు 120 చదరపు అడుగులకు ఒక టన్ను చొప్పున లెక్క వేసి, రెండు టన్నుల యంత్రాలు నాలుగు అమర్చాడు. ఎక్కువ ఉంటే నష్టమేముందని మేమందరం అనుకున్నాం. ఆ అనుకున్న వారిలో నేనూ ఒకడిని.

ఆ సంవత్సరం వేరుశనగ బ్రీడర్ విత్తనాన్ని కాయల రూపంలో ఆ గదిలో భద్రపరచాం. గోడమీద రిజిస్టరులో ఉదయం 8 గంటలకు, సాయంత్రం 4 గంటలకు ఉష్ణోగ్రత నమోదు చేసేవారు. ఏ పేజీ తిప్పినా 20 డిగ్రీలే. వర్షాకాలం ముగిసిన తరువాత మొలక పరీక్ష చేయగా, వేరుశనగకు ధ్రువీకరణ ప్రమాణాలలో నిర్దేశించిన కనీస మొలక శాతమైన 70 కంటే దిగువకు వచ్చింది. విత్తనశుద్ధి చేయనిది కావడం వల్ల సరుకు నూనె మిల్లుకు వెళ్ళింది. వేరుశనగలో విత్తన వృద్ధి ఒక పంటకు ఎనిమిది, పది రెట్లకు మించదు. బ్రీడర్ దశలో ఒక సంచి పోతే ఫౌండేషన్ దశలో పది సంచులు, ధ్రువీకృత విత్తన దశకు చేరేసరికి సుమారు వంద సంచులు లేకుండా పోతాయి. ఆ మరుసటి సంవత్సరం విత్తనం కోసం వచ్చిన రైతులకు మేము చెప్పగలిగిన సమాధానం ఏమీ లేదు.

వాతావరణ కేంద్రం నుండి థర్మోహైగ్రోగ్రాఫ్ తెచ్చి గదిలో ఉంచినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. ఉష్ణోగ్రత 20 డిగ్రీల వద్ద స్థిరంగా ఉన్నది. సాపేక్ష ఆర్ద్రత మాత్రం రాత్రంతా 80 శాతం చుట్టూ తిరుగుతున్నది. మేము నిర్మించినది చల్లగా ఉండే తేమ గది. ఇంత శక్తిగల యంత్రాలు ఉండి కూడా ఇలా ఎందుకు జరిగింది, రూపకల్పన దశలోనే కంప్యూటర్ ఉపకరణాల సహాయంతో దీనిని ఎలా పసిగట్టవచ్చు అన్నది ఈ వ్యాస విషయం.

కాగితం మీద మొదటి లెక్క

విత్తన శాస్త్రం చదివిన వారందరికీ హారింగ్టన్ సూత్రాలు తెలిసినవే. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గిన ప్రతిసారీ, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిన ప్రతిసారీ, విత్తన జీవితకాలం సుమారు రెట్టింపు అవుతుంది. ఈ రెండు ప్రభావాలు వేటికవి పనిచేస్తాయి. అంటే ఉష్ణోగ్రత తగ్గించి సంపాదించినదానిని తేమ పెంచుకొని పోగొట్టుకోవచ్చు. మేము చేసినది అదే.

ఇప్పుడు ఆ గది లెక్క చూద్దాం. పైకప్పు వైశాల్యం 96 చదరపు మీటర్లు. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు పలక ఒక్కటే ఉంటే, చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు, సుమారు 3.3 వాట్ల వేడి లోపలికి వస్తుంది. దీనినే యు-విలువ అంటారు. ఫోమ్ ఉష్ణ వాహకత 0.023 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి 50 మిల్లీమీటర్ల పొర వేయగానే యు-విలువ 0.4కు దిగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండకు పైకప్పు ఉపరితలం 60 డిగ్రీలు చేరి, లోపల 20 డిగ్రీలు ఉంచాలనుకుంటే, పొర లేనప్పుడు దాదాపు 12.7 కిలోవాట్లు, పొర ఉన్నప్పుడు 1.5 కిలోవాట్లు. అదే పద్ధతిలో, బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు, పొర వేసిన 160 చదరపు మీటర్ల గోడల గుండా 1.4 కిలోవాట్లు వస్తాయి. తలుపు సందుల గుండా గంటకు గది ఘనపరిమాణంలో సగం, అంటే సుమారు 220 కిలోల గాలి చొరబడుతుందనుకుంటే, దాని వేడి, తేమ కలిసి మరో 2.2 కిలోవాట్లు. దీపాలు, మనుషులు అర కిలోవాటు. అంతా కలిపితే 5.6 కిలోవాట్లు. ఒక టన్ను శీతలీకరణ సామర్థ్యం 3.5 కిలోవాట్లకు సమానం కనుక, సంవత్సరంలో అత్యంత వేడి మధ్యాహ్నానికి ఆ గదికి కావలసినది 1.6 టన్నులు. తలుపు తెరిచి మూయడానికి కొంత కలుపుకున్నా రెండు టన్నులు. మేము అమర్చినది ఎనిమిది.

120 చదరపు అడుగుల లెక్క పొర లేని పైకప్పు, ఎండ పడే కిటికీలు, మనుషులు ఉండే గదుల అనుభవం నుండి వచ్చినది. ఉష్ణ నిరోధక పొర వేసిన గదికి దానిని వర్తింపజేయడం, పొరకు డబ్బు ఖర్చు చేసి కూడా ఆ పొర లేదని భావించడమే.

కానీ ఎక్కువైన సామర్థ్యం విత్తనాన్ని ఎలా పాడుచేసింది? దానికి ఆగస్టు నెలలో ఒక రాత్రిని తీసుకుందాం. బయట 25 డిగ్రీలు, 90 శాతం ఆర్ద్రత. పైకప్పు, గోడలు, చొరబడే గాలి అన్నీ కలిపి ఉష్ణోగ్రతను పెంచే వేడి 0.8 కిలోవాట్లు మాత్రమే. అయితే బయటి గాలి ప్రతి కిలోలో 18 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. లోపల 20 డిగ్రీల వద్ద 50 శాతం ఆర్ద్రత కావాలంటే కిలో గాలిలో 7.3 గ్రాములే ఉండాలి. చొరబడే గాలితో గంటకు 2.3 లీటర్లకు పైగా నీరు ఆవిరి రూపంలో లోపలికి వస్తున్నది. దానిని ద్రవీకరించి తీసివేయాలంటే 1.6 కిలోవాట్ల గుప్తోష్ణాన్ని తొలగించాలి. మొత్తం భారంలో మూడింట ఒక వంతు వేడి, మిగిలిన రెండు వంతులు తేమ. మార్కెట్లో దొరికే సాధారణ ఏసీ యంత్రాలు దీనికి ఇంచుమించు తలకిందుల నిష్పత్తికి తయారైనవి. పైగా వాటి థర్మోస్టాట్‌కు ఉష్ణోగ్రత తప్ప మరొకటి తెలియదు. ఎనిమిది టన్నుల యంత్రాలు ఆ స్వల్పమైన వేడిని కొద్ది నిమిషాలలో తీసివేసి ఆగిపోతాయి. తరువాత పంకా మాత్రం తిరుగుతూ, చల్లని తీగచుట్ల మీద చేరిన నీటిని, అది బయటి గొట్టంలోకి జారకముందే, తిరిగి గదిలోకి ఆవిరిగా పంపుతుంది. తేమను తీసి మళ్ళీ అక్కడే పోసే యంత్రం అన్నమాట.

మరొక పరిమితి కూడా ఉన్నది. 20 డిగ్రీలు, 50 శాతం ఆర్ద్రత గల గాలిలోని ఆవిరి ద్రవంగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, అంటే తుషారాంకం, సుమారు 9.3 డిగ్రీలు. ఏసీ నుండి గాలి 12 డిగ్రీల వద్ద సంతృప్తమై వస్తున్నదనుకుంటే, అది 20 డిగ్రీలకు వేడెక్కినప్పుడు 60 శాతం ఆర్ద్రత కలిగి ఉంటుంది. ఎంతసేపు నడిపినా అంతకంటే పొడిగా మారదు.

ఎనిమిది వేల ఏడు వందల అరవై గంటలు

పై లెక్క ఒక మధ్యాహ్నానికి, ఒక రాత్రికి సంబంధించినది. గిడ్డంగి మాత్రం సంవత్సరమంతా పనిచేయాలి. సంవత్సరంలోని 8760 గంటలకూ ఇదే లెక్కను, గోడలలో నిలిచే వేడిని కూడా కలుపుకొని, చేతితో చేయడం సాధ్యం కాదు. కాంక్రీటు పలక మీద మధ్యాహ్నం పడిన ఎండ లోపలికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే ప్రతి గంట లెక్కలోనూ దానికి ముందు గంటల చరిత్ర ఉంటుంది. భవన శక్తి సిమ్యులేషన్ ఉపకరణాలు చేసే పని ఇదే.

1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికాలో ఈ ఉపకరణాల అభివృద్ధి ఊపందుకున్నది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు సౌరశక్తి ప్రయోగశాలలో రూపొందిన ట్రాన్‌సిస్ 1975లో వెలువడింది. ఆ దేశపు సైనిక నిర్మాణ పరిశోధన విభాగం బ్లాస్ట్‌ను, బర్క్‌లీలోని లారెన్స్ ప్రయోగశాల డీఓఈ-2ను అభివృద్ధి చేశాయి. ఈ రెండింటి అనుభవాన్ని కలిపి అమెరికా ఇంధన శాఖ 2001లో ఎనర్జీప్లస్‌ను విడుదల చేసింది. ఇది ఉచితం, దీని మూల సంకేతం కూడా అందరికీ అందుబాటులో ఉన్నది. ఎనర్జీప్లస్‌కు అక్షరాలు, అంకెలతో కూడిన ఫైళ్ళే ఇవ్వాలి కాబట్టి, గది బొమ్మ గీసి వివరాలు నింపడానికి ఓపెన్‌స్టూడియో, డిజైన్‌బిల్డర్ వంటి ముఖద్వారాలు వచ్చాయి. గోడలోపల తేమ కదలికను ప్రత్యేకంగా పరిశీలించడానికి జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ భవన భౌతికశాస్త్ర సంస్థ రూపొందించిన వూఫీ ఉన్నది. మన దేశంలో ఇంధన పరిరక్షణ భవన నియమావళి కింద పెద్ద వాణిజ్య భవనాలకు ఇటువంటి సిమ్యులేషన్ ద్వారా అర్హత నిరూపించుకునే వీలు కల్పించారు. వ్యవసాయ గిడ్డంగుల వైపు మాత్రం ఈ ఉపకరణాలు ఇంకా అంతగా రాలేదు. ఇవి ఇంజనీరింగ్ విభాగం వారి పని అని మనమూ, విత్తనం మొలక శాతం తమ పని కాదని వారూ అనుకోవడం దీనికి ఒక కారణమని నా అభిప్రాయం.

వాతావరణ ఫైలు సంగతి

ఈ ఉపకరణాలలో దేనికైనా గంట గంటకూ ఉష్ణోగ్రత, ఆర్ద్రత, సౌర వికిరణం, గాలి వేగం ఉన్న వాతావరణ ఫైలు కావాలి. ఇష్రే సంస్థ కృషి ఫలితంగా భారతదేశంలోని ముఖ్య నగరాలకు ఇటువంటి ఫైళ్ళు లభిస్తున్నాయి. ఇవి ఏదో ఒక నిర్దిష్ట సంవత్సరానికి చెందినవి కావు. దీర్ఘకాల రికార్డుల నుండి ప్రతి నెలకూ సాధారణమైనదాన్ని ఎంచి, ఆ పన్నెండు నెలలను ఒక సంవత్సరంగా కూర్చుతారు.

ఇక్కడ వ్యవసాయ శాస్త్రవేత్తకు రెండు సందేహాలు రావాలి. మొదటిది, హైదరాబాద్ ఫైలుతో జగిత్యాల గిడ్డంగికి, విశాఖపట్నం ఫైలుతో అనకాపల్లి గిడ్డంగికి లెక్క వేయవచ్చునా? నియమావళి హైదరాబాదును మిశ్రమ వాతావరణ మండలంలోను, విశాఖపట్నాన్ని ఉష్ణ ఆర్ద్ర మండలంలోను చేర్చింది. ఉష్ణోగ్రతలో తేడా కంటే రాత్రి తేమలో తేడాయే మన పనికి ముఖ్యం. మన పరిశోధన స్థానాలలోని వాతావరణ కేంద్రాలలో ఉదయం 7, మధ్యాహ్నం 2 గంటల స్థానిక కాలానికి తీసే రీడింగులు దశాబ్దాల తరబడి ఉన్నాయి. అవి గంట గంటకూ లేవు గనుక నేరుగా పనికిరావు, కానీ నగరపు ఫైలు మన ఊరికి ఎంత దూరంలో ఉన్నదో సరిచూడడానికి బాగా పనికివస్తాయి. ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నచోట అసలు గంటవారీ సమాచారంతోనే ఫైలు తయారుచేసుకోవచ్చు.

రెండవది, సాధారణ సంవత్సరంలో అసాధారణమైన రోజులు ఉండవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటిన తరువాత ఆ ప్రాంతంలో విద్యుత్తు రోజుల తరబడి లేదు. అటువంటి వారం ఏ సాధారణ వాతావరణ ఫైలులోనూ కనిపించదు. దానిని మనమే అడగాలి. అక్టోబరులో ఐదు రోజుల పాటు యంత్రం ఆపివేసి, గదిలో ఆర్ద్రత ఏ గంటకు 65 శాతం దాటుతుందో చూడాలి. ఈ ఒక్క పరీక్ష జనరేటర్ ఎంత పెద్దది కావాలో, అసలు కావాలో వద్దో తేల్చుతుంది.

అడగనిదే చెప్పని సంగతులు

మా గదినే తరువాతి కాలంలో ఒక విద్యార్థి సహాయంతో ఎనర్జీప్లస్‌లో నిర్మించి చూశాం. మొదటి ఫలితం ఆశ్చర్యకరం: ఏ సమస్యా లేదని వచ్చింది! కారణాలు వెతకగా ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఈ ఉపకరణాన్ని వాడబోయే వారికి మిగతా వ్యాసమంతటి కంటే ఇవే ఎక్కువగా ఉపయోగపడవచ్చు.

సంవత్సరాంత నివేదికలో, కోరిన స్థితి అందని గంటలు అన్న పట్టిక ఉంటుంది. అది లెక్కించేది ఉష్ణోగ్రతను మాత్రమే. ఆర్ద్రత కావాలంటే దానిని ప్రత్యేకంగా ఒక ఫలితంగా కోరి, 8760 అంకెలనూ రాబట్టి, వాటిలో 60 దాటినవి ఎన్నో మనమే లెక్కపెట్టాలి. మా రిజిస్టరు చేసిన తప్పునే ఆ పట్టికా చేస్తున్నది.

యంత్ర సామర్థ్యాన్ని ఉపకరణమే నిర్ణయించేలా వదిలివేస్తే, అది అత్యధిక ఉష్ణోగ్రత గల రూపకల్పన దినాన్ని ఆధారంగా తీసుకుంటుంది. మన ప్రాంతంలో అది మే నెల. ఆ రోజు గాలి పొడిగా ఉంటుంది. తేమ భారం అత్యధికంగా ఉండే రోజు వర్షాకాలంలో వస్తుంది గనుక, అత్యధిక తుషారాంకం గల దినాన్ని రెండవ రూపకల్పన దినంగా మనమే చేర్చాలి.

ఆగిన యంత్రం మీది నీరు తిరిగి ఆవిరి కావడాన్ని లెక్కించే పద్ధతి ఎనర్జీప్లస్‌లో ఉన్నది. కానీ దానికి కావలసిన విలువలు ఇవ్వకపోతే అవి సున్నాగా ఉండి, ఆ ప్రభావమే లేనట్లు లెక్క సాగుతుంది. పంకా నిరంతరం తిరుగుతుందని కూడా చెప్పాలి. మా విత్తనాన్ని పాడుచేసిన ప్రక్రియ మా మొదటి సిమ్యులేషన్‌లో అసలు లేనే లేదు.

చివరిది, సంచులు. ఉపకరణం దృష్టిలో గది ఖాళీగా ఉన్నది. వాస్తవానికి 30 టన్నుల విత్తనం ఉంటే, దాని తేమ ఒక శాతం మారినప్పుడు 300 లీటర్ల నీరు గాలికి చేరుతుంది లేదా గాలి నుండి పోతుంది. గదిలోని గాలి మొత్తంలో ఉండే ఆవిరి మూడు, నాలుగు కిలోలకు మించదు. అంటే ఆర్ద్రతను తాత్కాలికంగా అదుపులో ఉంచుతున్నది విత్తనమే, తన ప్రాణాన్ని ఖర్చు పెట్టి. దీనిని సూచించడానికి గదికి తేమను నిలుపుకునే సామర్థ్యాన్ని పెంచే గుణకం ఒకటి ఉన్నది. దాని విలువను విత్తనపు సమతుల్య తేమ వక్రరేఖ నుండి తీసుకోవాలి. ఆ వక్రరేఖలు ఇంజనీర్ల దగ్గర ఉండవు, మన విత్తన ప్రయోగశాలల్లో ఉంటాయి. ఒకే ఆర్ద్రత వద్ద వరి కంటే వేరుశనగ వంటి నూనెగింజలు తక్కువ తేమను నిలుపుకుంటాయి గనుక పంట మారితే ఈ విలువ కూడా మారుతుంది.

ఈ నాలుగూ సరిచేసిన తరువాత సిమ్యులేషన్ గీసిన ఆగస్టు రాత్రుల రేఖ, హైగ్రోగ్రాఫ్ కాగితం మీది రేఖకు పోలికగా వచ్చింది.

పోలిక అన్న మాటకు కూడా ఒక కొలత ఉన్నది. ఆష్రే మార్గదర్శక సూత్రం 14 ప్రకారం, నెలవారీ విద్యుత్ వినియోగంలో సగటు తేడా 5 శాతం లోపు, గంటవారీ లెక్కలో అయితే 10 శాతం లోపు ఉండాలి. హెచ్చుతగ్గుల సూచిక నెలవారీకి 15, గంటవారీకి 30 శాతం దాటకూడదు. కొత్తగా కట్టబోయే గదికి పోల్చడానికి ఏమీ ఉండదు కాబట్టి, దగ్గరలో ఉన్న పాత గదిలో ఒక డేటా లాగర్, విద్యుత్ మీటరు ఒక వర్షాకాలం పాటు ఉంచి, ముందు ఆ గది నమూనాను సరిచూసుకోవడం మేలు. గాలి చొరబాటు విలువ ఈ విధంగా తప్ప మరోలా నమ్మకంగా తెలియదు.

ప్రత్యామ్నాయాలను తూచడం

నమూనా ఒకసారి నమ్మదగినదైతే దాని అసలు ప్రయోజనం మొదలవుతుంది. గోడ కట్టకముందే దానిని మార్చి చూడవచ్చు. పొరను 50 నుండి 100 మిల్లీమీటర్లకు పెంచితే పైకప్పు వేడి సుమారు సగమవుతుంది. అయితే ఆగస్టు రాత్రి భారంలో దాని ప్రభావం స్వల్పం. తలుపుకు ముందు ఒక చిన్న గది కట్టి, రబ్బరు అంచులు బిగించి గాలి చొరబాటును సగానికి తగ్గిస్తే తేమ భారం సగమవుతుంది. రెండవది చాలా చవక. పొర మందం మీద జరిగే చర్చలో పదవ వంతు తలుపు మీద జరగదు.

ఎనిమిది టన్నులకు బదులు రెండు టన్నుల ఇన్వర్టర్ యంత్రం తక్కువ వేగంతో ఎక్కువసేపు నడుస్తుంది. తేమ కొంత మెరుగుపడుతుంది గాని, తుషారాంకపు పరిమితి మాత్రం అలాగే ఉంటుంది. 50 శాతం లేదా అంతకంటే తక్కువ కావాలంటే రెండు మార్గాలు. గాలిని అవసరానికి మించి చల్లబరచి, మళ్ళీ హీటరుతో వేడిచేయడం ఒకటి. ఒకే సమయంలో చల్లబరచడానికీ వేడిచేయడానికీ విద్యుత్తు ఖర్చు చేయడం ఇందులోని లోపం. సిలికా జెల్ చక్రంతో తేమను పీల్చి, ఆ చక్రాన్ని వేడి గాలితో ఆరబెట్టడం రెండవది. దీనికీ వేడి కావాలి, అదనంగా పొడి గాలి వెచ్చబడి గదిలోకి వస్తుంది గనుక చల్లదనమూ కొంత ఎక్కువ కావాలి. 20 డిగ్రీలు, 50 శాతం వద్ద ఈ రెండింటిలో ఏది చవక అన్నది వాతావరణాన్ని బట్టి, కరెంటు ధరను బట్టి మారుతుంది. సిమ్యులేషన్ లేకుండా దానిని తేల్చడం కష్టం. దీర్ఘకాల నిల్వకు కోరే 15 డిగ్రీలు, 40 శాతం స్థితిలో తుషారాంకం సుమారు ఒకటిన్నర డిగ్రీలకు దిగుతుంది. గాలిని అంత పొడిగా మార్చాలంటే చల్లని తీగచుట్ల మీద మంచు కడుతుంది కాబట్టి అక్కడ సిలికా జెల్ తప్ప వేరే దారి లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధిలో మధ్యకాలిక నిల్వకు 4 డిగ్రీలు, 20 నుండి 30 శాతం ఆర్ద్రత పాటిస్తారు. ప్రతి మండల స్థాయి గిడ్డంగికీ ఆ స్థాయి అవసరం లేదు. పంట నుండి పంటకు ఎనిమిది, తొమ్మిది నెలలు నిల్వ చేయవలసిన విత్తనానికి ఎంత చాలునో మొదట మనం నిర్ణయించి, ఆ అంకెను రూపకర్తకు ఇవ్వాలి.

ఎండాకాలంలో ఖర్చు తక్కువని విత్తన గదికి నీటి కూలర్ పెట్టేవారిని ఇప్పటికీ చూస్తుంటాం. దానికి సిమ్యులేషన్ అవసరం లేదు.

మా గదిలో నాలుగు యంత్రాలలో రెండింటిని తీసివేశాం, మిగిలిన రెండు వంతులవారీగా నడుస్తాయి. తలుపు ముందు చిన్న గది కట్టించాం. ఒక సిలికా జెల్ యంత్రాన్ని ఆర్ద్రత మీటరుకు కలిపాం, దాని పని ఎక్కువగా జూన్ నుండి నవంబరు వరకే. రిజిస్టరులో ఇప్పుడు రెండు గడులు ఉన్నాయి. రెండవ గడిలోని అంకె 55 దాటిన రోజున, వర్షం కురుస్తున్నా సరే, వాచ్‌మన్ ఫోన్ చేయాలని చెప్పి ఉంచాం.